థాయి మాట, కొరియా వాక్యము

తపతి యను పేరుగల నదులు రెండున్నవి. ఒకటి సూరత్ నగరమును ఒరసికొని పోయి అరేబియా సముద్రమున కలియును. రెండవది థాయిలాండు దక్షిణభాగమున సూరత్ థానీ నగరము ప్రక్కగా ప్రవహించును. ఆ నగరమునకును ఆ నదికిని ఆ పేర్లు 1915 లో వచ్చినవి. ఆరవ రామునిగా ప్రసిద్ధుడైన వజిరావుధ రాజు కాలమున, గుజరాతులోని సూరత్‌ను దాని నదిని తలచుకొని పెట్టిన పేర్లవి. ఆ నగరనామమును థాయి లిపిలో చూచినచో అక్షరములు 'సురాష్ట్ర ధానీ' యని చెప్పును. నోరు మాత్రము 'సురాత్ థానీ' యని పలుకును. 'రాష్ట్ర' లోని చివరి రేఫమీద చిన్న గుర్తొకటి యుండును. ఆ యక్షరము వ్రాయుటకే గాని పలుకుటకు కాదని దాని యర్థము.

ఇక ఇక్కడి సూరత్. ఈ నగరమున బమ్రోలి యను పేట కలదు. సూరత్ మరమగ్గముల మీద బ్రతుకుచున్నవారిలో తెలంగాణము నుండి తరలివచ్చిన నేతకుటుంబములు చాల యున్నవి. వారికి ఇంట తెలుగు, అంగడిలో గుజరాతీ, పనిలో హిందీ, ప్రక్క మగ్గము వానితో ఒకింత ఒడియా. వ్యాకరణము ముట్టకుండ ఇన్ని భాషలు ఎట్లు పట్టుపడినవి? అవసర మొక్కటే కారణము కాదు. గుజరాతీ తెలుగువానికి రెండు విధముల చుట్టము. 'సమయ', 'మిత్ర', 'భాషా' వంటి మాటలు ముందే తెలిసినవి. 'హుఁ పాణీ పీఉఁ ఛుఁ' (నేను నీళ్లు త్రాగుచున్నాను) అనునప్పుడు కర్త, కర్మ, క్రియ తెలుగువరుసలోనే నిలుచును. మాటయు వాక్యమును రెండును చేయందించును.

అట్టి యింటి యువకుడు తూర్పుదేశపు భాష నొకదానిని నేర్వదలచినాడనుకొందము. థాయి మంచిదా, కొరియా భాష మంచిదా? ప్రశ్న వినోదమునకు వేసినది కాదు. 2019 నుండి పెనుకొండ వద్ద కొరియావారి కియా కార్లు తయారగుచున్నవి. కొరియా భాష అనంతపురపు సీమ దాకా వచ్చినది. ఇంగ్లీషు పుస్తకముల నడిగినచో, థాయి సులభము, కొరియా భాష కఠినము అని సమాధానము వచ్చును. అమెరికా విదేశాంగశాఖ తన ఉద్యోగులకు థాయి నేర్పుటకు సుమారు 44 వారములును, కొరియా భాష నేర్పుటకు 88 వారములును లెక్కగట్టినది. అయితే ఆ కొలబద్ద ఇంగ్లీషు మాతృభాషగా గలవారి యింట తయారైనది. బమ్రోలి యింట దానితో కొలిచినచో లెక్క తప్పును. గుజరాతీలో కలసి దొరకిన రెండు సహాయములు ఈ భాషలలో విడిపోయినవి. థాయిలో మాట చుట్టము. కొరియా భాషలో వాక్యము చుట్టము.

థాయి వర్ణమాల క, ఖ, గ, ఘ, ఙ వరుసలోనే నడచును. పల్లవలిపి నుండి ఖ్మేరు లిపి, దాని నుండి థాయి లిపి వచ్చినవి. తెలుగు లిపికిని దానికిని మూలము దక్షిణ బ్రాహ్మియే. 'భాషా' అక్కడ 'ఫాసా', 'నగర' 'నఖోన్', 'గురు' 'ఖ్రూ'. టెలిఫోనును వారు 'థోరసప్' అందురు. వ్రాతలో అది దూరశబ్దము. టెలివిజను 'థోరథత్', అనగా దూరదర్శనము. 'ఆకాత్' మాత్రము మోసము చేయును: ఆకాశమే యైనను అర్థము గాలి, వాతావరణము. వారి రామాయణము 'రామకియన్', అనగా రామకీర్తి. అందు రావణుడు 'థొత్సకన్', మన దశకంఠుడే. (ఆ కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాడని తెలిసి ఉలికిపడు తెలుగు పాఠకులుందురు.)

ఇంతవరకు సుఖమే. వాక్యమునకు వచ్చునప్పటికి చుట్టరికము ముగియును. విభక్తి లేదు, లింగము లేదు, క్రియకు రూపభేదము లేదు. క్రియ తరువాతనే కర్మ, నామము తరువాతనే విశేషణము. పైగా ఐదు స్వరస్థాయిలు. 'మై' అను ధ్వనిని క్రిందిస్థాయిలో పలికినచో 'కొత్త', పై నుండి దించినచో 'కాదు', క్రింది నుండి ఎత్తినచో 'పట్టు'. 'ఫా మై మై' అనగా కొత్త పట్టువస్త్రము: వస్త్రము, పట్టు, కొత్త అని తెలుగునకు సరిగా తలక్రిందులు. నేతగాని బిడ్డ ఈ మూడు మాటలు నేర్చుకొనుటకు చెవిని మొదటి నుండి మలచుకొనవలెను.

కొరియా భాష తీరు వేరు. సెజొంగ్ రాజు 1443 లో రూపొందించి 1446 లో ప్రకటించిన లిపికి నేడు మూల అక్షరములు 24. హల్లును అచ్చును కలిపి ఒక్క గడిలో పొందికగా కూర్చుట గుణింతమెరిగిన వానికి వింత కాదు. లిపి వారము పది దినములలో వచ్చును. ఉచ్చారణలో మాత్రము 'దల్' (చంద్రుడు), 'త్తల్' (కూతురు), 'థల్' (ముసుగు) అను మూటికి భేదము వినుటకు తెలుగు చెవి కొంత తడబడును. సంధి మనవారికి పరిచితమే: 'గుక్' (పులుసు), 'ముల్' (నీరు) కలిసి 'గుఙ్ముల్' అగును. వాక్కు, మయము కలిసి వాఙ్మయ మైనట్లే.

అసలు ఆశ్చర్యము వాక్యములో నున్నది. 'ఒజె ఒన్ సారమ్' అనగా నిన్న వచ్చిన మనిషి. మూడు మాటలకు మూడు మాటలు, అదే వరుస. 'ఒన్' అనునది 'వచ్చిన' అను మన క్రియాజన్యవిశేషణమే. 'మొగొ బొదా' అనగా తిని చూచుట. రుచి చూచుటకు చూచుట అను క్రియనే అక్కడను వాడుదురు. పెద్దవారి యెడల క్రియ మారును. అయితే ఎవరిని గూర్చి చెప్పుచున్నామో యనుటతో పాటు ఎవరితో చెప్పుచున్నామో యనునదియు క్రియాంతమును నిర్ణయించును. ఇక్కడ తెలుగువాడు కూడ జాగ్రత్త పడవలసినదే. పెద్ద సోదరుని పురుషుడు 'హ్యొంగ్' అనును, స్త్రీ 'ఒప్పా' అనును. తెలుగున ఇద్దరికిని అన్నయే.

ఈ పోలికలు చూచి హోమర్ హల్బర్ట్ 1905 లో కొరియా భాషకును ద్రావిడభాషలకును తులనాత్మక వ్యాకరణమునే ప్రకటించెను. భాషాశాస్త్రజ్ఞులు ఆ బంధుత్వము నంగీకరింపలేదు. నిర్మాణము పోలినంత మాత్రమున రక్తసంబంధము కాదు. నేర్చుకొనువానికి ఆ సంబంధముతో పనియు లేదు. వానికి బరువు పదజాలము. అందులో అధికభాగము చీనా నుండి వచ్చినది, తెలుగునకు బొత్తిగా అపరిచితము. ఒక ఉపాయము మాత్ర మున్నది. 'హక్' అనగా విద్య అని తెలిసినచో 'హక్‌క్యొ' పాఠశాల, 'హక్‌సెంగ్' విద్యార్థి, 'హక్‌జా' విద్వాంసుడు అని ఒక కుటుంబమే పలుకరించును.

వ్యాపారము కొరకు నేర్చువారి కన్న రచయితలకు ఈ భేదము ముఖ్యము. 2024 లో హాన్ కాంగ్ నోబెల్ బహుమానము పొందిన పిమ్మట కొరియా సాహిత్యముపై ఆసక్తి పెరిగినది. ఇంగ్లీషు మీదుగా అనువదించునప్పుడు 'నిన్న వచ్చిన మనిషి' మొదట విరిగి రెండు ఉపవాక్యము లగును. తెలుగులోనికి వచ్చునప్పటికి 'ఎవరైతే నిన్న వచ్చారో ఆ మనిషి' యను వికారరూపము దాల్చును. మర్యాదాక్రియలు ఇంగ్లీషులో చదునైపోవును గనుక, తల్లితో మాటాడు కొడుకు 'నువ్వు' అనునో 'మీరు' అనునో అనువాదకుడు ఊహింపవలసి వచ్చును. మూలమున ఆ సంగతి క్రియ తోకనే యున్నది. థాయి నుండి వచ్చు గ్రంథమునకు నష్టము మరొక చోట: 'థొత్సకన్' అని ఇంగ్లీషు అక్షరములలో చూచినవాడు దశకంఠుని గుర్తింపలేడు. థాయి లిపిలో చూచినవాడు వ్రాత యందే గుర్తించును.