బద్రుద్దీన్ త్యాబ్జీయు 1888 నాటి నియమమును

జాతీయోద్యమారంభమును వర్ణించు గ్రంథములు కొన్ని ఆనాటి నాయకులను జాతీయవాదులనియు, మతాభిమానులనియు రెండు తెగలుగా విభజించుచున్నవి. ఈ విభాగ మెంతవఱకు సరియైనదో బద్రుద్దీన్ త్యాబ్జీ చరిత్రమువలన విచారింపవచ్చును.

1885 లో బొంబాయియందు గూడిన మొదటి కాంగ్రెసు మహాసభకు వచ్చిన 72 మంది ప్రతినిధులలో మహమ్మదీయు లిరువురే. 1887 డిసెంబరునందు చెన్నపురిలో జరిగిన మూడవ మహాసభకు త్యాబ్జీ యధ్యక్షుడయ్యెను. ఆయన బొంబాయిలో బారిష్టరు. మహమ్మదీయుల విద్యాభివృద్ధికై 1874 లో నేర్పడిన అంజుమనె ఇస్లాం స్థాపకులలో నొకడు. సర్వజనోపయోగకరములగు సంస్కరణములకై అన్ని మతములవారును గలసి పాటుపడుటకు, వారి పరస్పరసంబంధములలో నడ్డమైన దేదియు లేదని యాయన యధ్యక్షోపన్యాసమున వాదించెను. అనగా నాయన స్వమతమును మఱచి సభకు వచ్చినవాడు కాడు, మహమ్మదీయుడుగనే వచ్చెను.

ఆ దినములందే లక్నోలో సయ్యద్ అహమ్మద్ ఖాన్ కాంగ్రెసును ఖండించుచు నుపన్యసించెను. ఎన్నికలచే ప్రతినిధుల నేర్పఱచినచో సంఖ్యాధికులగు హిందువులదే పైచేయి యగునని యాయన భయము. ఈ భయమును త్యాబ్జీ తేలికగా ద్రోసివేయలేదు. స్వమతస్థులలో విరోధము ప్రబలుట గాంచి, అలహాబాదు సభానంతరము కాంగ్రెసును గనీస మైదేండ్లు నిలిపివేయుట మేలని 1888 అక్టోబరులో హ్యూమునకు వ్రాసెను.

ఆ సూచన నెగ్గలేదు. కాని హిందూప్రతినిధులుగాని మహమ్మదీయప్రతినిధులుగాని యేకగ్రీవముగనో, ఇంచుమించుగ నేకగ్రీవముగనో ఆక్షేపించు విషయమును చర్చింపరాదను నియమమును 1888 నాటి అలహాబాదు సభ యంగీకరించెను. దీనివలన రెండు ఫలములు గలిగినవి. అల్పసంఖ్యాకుల కభయము లభించెను. మఱియు ప్రతినిధి హిందువా, మహమ్మదీయుడా యని లెక్కించు పద్ధతి జాతీయసభలోనే ప్రవేశించెను. వివాదాస్పదవిషయములు సభలో నణగినను వెలుపల నణగలేదు. 1893 లో గోరక్షణ వివాదమువలన పలుతావుల కలహములు చెలరేగినవి. 1906 లో ఢాకాయందు ముస్లింలీగు పుట్టెను. 1909 చట్టమువలన ప్రత్యేక నియోజకవర్గము లేర్పడెను. వీనికెల్ల 1888 నాటి నియమమే కారణమనుట సాహసము. చర్చను నిలుపగలిగినను, ఆ నియమము భయకారణమును దొలగింపలేకపోయెనని మాత్రము చెప్పవచ్చును.

సయ్యద్ అహమ్మద్ ఖాన్, త్యాబ్జీ యిరువురును స్వమతస్థుల క్షేమమునే కోరిరి, మార్గమునందే భేదించిరి. కావున బాలురకు జరిత్ర బోధించు పండితులు పైవిభాగమును విడిచి, ఎవ రేభయముచే నేమార్గము నవలంబించిరో వివరించుట యుక్తము.