పాత రోడ్డుతోనే కొత్త రోడ్డు.. గీకేసిన డాంబర్ ఎక్కడికి పోతోంది?

హైదరాబాద్ నుంచి సాగర్ హైవే మీద ఇబ్రహీంపట్నం వెళ్లేవాళ్లకు బొంగుళూరు దగ్గర ఔటర్ దాటగానే ఓ దృశ్యం బాగా అలవాటు. కంకర నింపుకొని ఎదురొచ్చే టిప్పర్లు. ఇబ్రహీంపట్నం, యాచారం చుట్టుపక్కల గుట్టలను తొలిచి తీసిన రాయి క్రషర్లలో నలిగి నగరానికి వెళ్తుంటుంది. మీ కాలనీలో వేసే బీటీ రోడ్డులో బరువు లెక్కన 95 శాతం దాకా ఉండేది రాయే. తారు 5 శాతం అటూ ఇటూ.

ఇప్పుడు రెండో దృశ్యం. రాత్రిపూట నగరంలో ఓ పెద్ద యంత్రం పాత రోడ్డు పైపొరను గీకి, ఆ నల్లటి ముక్కలను లారీలో పోస్తుంటుంది. దీన్నే మిల్లింగ్ అంటారు. 2019 చివర్లో మంజూరై, జీహెచ్ఎంసీ 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్లకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించిన సీఆర్ఎంపీ పనులతో ఈ యంత్రాలు నగరవాసులకు బాగా పరిచయమయ్యాయి. ఆ నల్ల ముక్కలు చూడటానికి చెత్తలాగే ఉంటాయి కానీ, అది మనం ఒకసారి డబ్బు పెట్టి కొన్న రాయీ తారూ.

ఎంత విలువ?

చిన్న లెక్క వేద్దాం. 7 మీటర్ల వెడల్పు రోడ్డు మీద 40 మిల్లీమీటర్ల పొరను కిలోమీటరు మేర గీకితే 280 ఘనపు మీటర్లు. బరువులో సుమారు 650 టన్నులు. అందులో తారే 32 టన్నుల దాకా ఉంటుంది. తారు ముడిచమురు నుంచి వస్తుంది. మన దేశం వాడే తారులో గణనీయమైన భాగం దిగుమతే. కొత్త మిశ్రమంలో 30 శాతం పాత సరుకు కలిపితే, ఆ ఒక్క కిలోమీటరుకే 195 టన్నుల కొత్త సరుకు మిగులుతుంది. 20 టన్నుల టిప్పర్ల లెక్కన దాదాపు పది.

మరి ఎలా కలుపుతారు?

తారు ఏళ్ల తరబడి ఎండకు, గాలికి ఉండి గట్టిపడుతుంది. నూనె స్వభావం తగ్గి పెళుసవుతుంది. పాత రోడ్లకు పగుళ్లు రావడానికి ఇదో కారణం. రాయి మాత్రం పెద్దగా చెడదు. అందుకే గీకిన సరుకును తిరిగి పగలగొట్టి, జల్లెడ పట్టి, సైజుల వారీగా వేరు చేస్తారు. ల్యాబులో అందులోని తారు ఎంత, ఎంత గట్టిపడింది అని చూస్తారు. గట్టిదనాన్ని సరిచేయడానికి వీజీ-10 లాంటి మెత్తటి రకం తారు గానీ, రెజువెనేటర్ అనే నూనెలాంటి ద్రవం గానీ కలుపుతారు. ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్ఆర్ఐ ఇలాంటిదే రెజుపేవ్ పేరుతో తయారుచేసింది.

అసలు చిక్కు వేడి దగ్గర. పాత సరుకుకు నేరుగా మంట తగిలితే అందులోని తారు మాడిపోతుంది. అందుకే మామూలుగా కొత్త కంకరను బాగా కాల్చి, ఆ వేడితోనే పాతది కరిగేలా చేస్తారు. పాత సరుకు తడిసి ఉంటే ఆ వేడంతా నీరు ఆవిరి కావడానికే పోతుంది. కాబట్టి కుప్పలను షెడ్డు కింద ఉంచాలి. వానలో తడిసిన కుప్పను తెచ్చి కలిపేశామంటే కుదరదు.

ఇదేమీ ప్రయోగ దశలో ఉన్న ముచ్చట కాదు. జపాన్ ప్లాంట్ల మిశ్రమంలో సగానికి దగ్గరగా పాత సరుకే ఉంటుంది. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా 2015లోనే ఐఆర్‌సీ-120 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది.

పాతది కలిపితే రోడ్డు నాసిరకమా?

సరిగ్గా చేస్తే కాదు. అలాగని భయం పూర్తిగా అనవసరమూ కాదు. మోతాదు మించితే, మెత్తబరిచే ద్రవం తగ్గిస్తే రోడ్డు తొందరగా పగులుతుంది. ఆ తేడా వేసిన రోజు కంటికి కనిపించదు, రెండు మూడేళ్లకు బయటపడుతుంది. కాబట్టి పాత సరుకును నిషేధించడం కన్నా, ప్లాంటులో పరీక్షలు జరిగాయో లేదో పట్టుకోవడం ముఖ్యం. ఈ వ్యాస రచయిత అభిప్రాయం అదే.

మీ ఇంటికి దీనితో ఇంకో సంబంధం ఉంది. పాత పొర తీయకుండా పైన కొత్తది వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరుగుతుంది. మూడుసార్లు వేశారంటే గడప రోడ్డు కన్నా కిందికి పోయి, వానొస్తే నీళ్లు ఇంట్లోకే. గీకి వేస్తే ఎత్తు అలాగే ఉంటుంది.

మీ వీధిలో పని మొదలైతే ముందు చూడాల్సింది పాత పొర గీకుతున్నారా లేదా అని. గీకితే ఆ సరుకు ఎటు పోతోందో అడగండి. అది ప్రజల ఆస్తి. దాని విలువను ఎస్టిమేట్‌లో తగ్గించారా? కొత్త మిశ్రమంలో పాతది ఎంత శాతం? నాణ్యత పరీక్షల రిపోర్టులు ఉన్నాయా? పని చేయిస్తున్నది మున్సిపాలిటీ అయితే అక్కడ, ఆర్ అండ్ బీ అయితే ఆ కార్యాలయంలో, సమాచార హక్కు చట్టం కింద ఈ మూడూ రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తులో రోడ్డు పేరు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, పని జరిగిన నెల స్పష్టంగా రాయండి.