హిమానీనదంపై ప్రయాణం

అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లోని ప్రవరుని కథ తెలుగు విద్యార్థులకు కొత్తది కాదు. సిద్ధుడిచ్చిన పసరును పాదాలకు పూసుకొని ఆయన హిమాలయానికి చేరుకున్నాడు. ఆ పర్వతశోభను తనివితీరా తిలకించాడు. తిరిగి ఇల్లు చేరదలచినప్పుడు గాని తెలియలేదు, మంచు సోకి పాదలేపం కరిగిపోయిందని. సాహిత్యరసికులు దీనిని అందమైన కథామలుపుగా ఆస్వాదిస్తారు. పర్వతారోహకునికి ఇందులో మరొకటి గోచరిస్తుంది. వెళ్ళడానికి ఉపకరించిన సాధనం తిరిగి రావడానికి నిలుస్తుందో లేదో విచారించకుండా సాగిన ప్రయాణమది. మంచుకొండల మీద నేటికీ జరుగుతున్న అనేక ప్రమాదాలకు ఈ విచారణ లోపించడమే మూలం.

ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో శీతకాలం చివర, వసంతంలో వేలాదిమంది స్కీలు ధరించి హిమానీనదాల మీదుగా రోజుల తరబడి ప్రయాణిస్తారు. ఫ్రాన్సులోని షామొనీ నుండి స్విట్జర్లాండులోని జెర్మాట్ వరకు సాగే దారి వీటిలో ప్రసిద్ధమైనది. వాలు దిగడానికి స్కీలు జారితే చాలు. ఎక్కడానికి మాత్రం వాటి అడుగున నూగు గల పట్టీలను అతికిస్తారు. మఖమలు గుడ్డను ఒకవైపు నిమిరితే మెత్తగా, ఎదురుగా నిమిరితే గరుకుగా ఉంటుంది కదా! ఆ పట్టీ కూడా అలాగే స్కీని ముందుకు జారనిస్తుంది, వెనుకకు జారనివ్వదు.

ఈ యాత్ర చేసేవారు మొదట హిమానీనదపు స్వభావాన్ని ఎరిగి ఉండాలి. ఏళ్ళ తరబడి కురిసిన మంచు తన బరువుకే అణగి గట్టిపడి మంచుగడ్డగా మారుతుంది. ఆ రాశి వాలు వెంట అతి మెల్లగా కదులుతుంది. అందుకే దానిని నది అన్నారు. వాలు ఎక్కువైన చోట, మలుపు తిరిగే చోట ఆ గడ్డ పగులుతుంది. వేసవిలో మన నల్లరేగడి నేల నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. హిమానీనదపు నెర్రెలూ అటువంటివే. అయితే వాటి లోతు పదుల మీటర్లు ఉంటుంది. నేల నెర్రె కంటికి కనబడుతుంది. మంచు నెర్రె మీద కొత్త మంచు కప్పుకొని వంతెనలా నిలుస్తుంది. పైకి అంతా చదునైన తెల్లని మైదానమే. తెల్లవారుజామున గడ్డకట్టి మనిషిని మోసిన ఆ వంతెన, మధ్యాహ్నపు ఎండకు మెత్తబడి కూలిపోవచ్చు. కాబట్టి చీకటితోనే బయలుదేరి, ఎండ ముదరకముందే ప్రమాదస్థలాలను దాటే విధంగా కాలాన్ని లెక్కించుకోవాలి.

నెర్రెలున్న చోట యాత్రికులు నడుములకు హార్నెస్ ధరించి, ఒకే తాడుకు తమను బంధించుకొని, మనిషికీ మనిషికీ పది మీటర్లకు తగ్గకుండా ఎడం పాటిస్తూ నడుస్తారు. తాడు నేలపై వేలాడరాదు. అది వదులుగా ఉంటే పడినవాడు మరింత లోతుకు పోతాడు, నిలబెట్టవలసినవాడు కూడా అదుపు తప్పుతాడు. ఇద్దరికంటే ముగ్గురు, నలుగురు ఉండడం మేలు. పడినవారిని పైకి లాగే పద్ధతిని ఇంటి దగ్గరే పలుమార్లు అభ్యసించి ఉండాలి. ఆపద వేళ అది కొత్తగా నేర్చుకోదగిన విద్య కాదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు, పాశమైలారం ప్రాంతాల విద్యార్థులకు ఈ క్రమశిక్షణ అపరిచితం కాదు. ఎందరి ఇళ్ళలోనో తండ్రి గాని, అన్న గాని పరిశ్రమలో షిఫ్టుకు వెళ్తుంటారు. రసాయన పరిశ్రమలో ఖాళీ ట్యాంకులోకి దిగవలసివస్తే ముందు లోపలి గాలిని పరీక్షించాలి. రాతపూర్వకంగా పర్మిట్ ఉండాలి. దిగినవానిని కనిపెట్టుకొని మరొకరు బయట నిలబడాలి. చూసేవారికి ఆ బయటి మనిషి ఏ పనీ చేయనట్లే ఉంటాడు. కాని లోపలివాని ప్రాణం ఆయన శ్రద్ధపైననే ఆధారపడి ఉంటుంది. హిమానీనదంపై ఒకే తాడుకు కట్టుబడిన వారి మధ్య బంధం సరిగ్గా ఇటువంటిదే. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు మరణించారు. భద్రత అనేది ఈ ప్రాంతానికి పుస్తకాలలోని మాట మాత్రమే కాదు.

నెర్రెల తర్వాత చెప్పవలసింది మంచుచరియలు. ఇవి ఎక్కువగా ముప్పై నుండి నలభై అయిదు డిగ్రీల వాలులో విరిగిపడతాయి. స్కీయింగ్‌కు ఉల్లాసం కలిగించే వాలు కూడా ఇదే కావడం గమనార్హం. కొత్తగా మంచు కురిసినా, గాలి మంచును ఒకచోట పోగుచేసినా, హఠాత్తుగా ఎండ కాసినా ప్రమాదం పెరుగుతుంది. ఐరోపాలో ఈ ప్రమాదాన్ని అయిదు స్థాయిలుగా విభజించి ప్రతిదినం ప్రకటిస్తారు. మూడవ స్థాయి మధ్యలో ఉన్నది గనుక ఫరవాలేదని భావించరాదు. ప్రాణనష్టం చాలావరకు ఆ స్థాయి ఉన్న రోజులలోనే జరుగుతున్నది. మన దేశంలో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన చండీగఢ్ ప్రయోగశాల హిమాలయ ప్రాంతాలకు ఇటువంటి హెచ్చరికలను వెలువరిస్తుంది.

మంచు కింద కూరుకుపోయినవానికి మొదటి పదిహేను నిమిషాలే ప్రాణాధారం. బయటినుండి సహాయం వచ్చేలోగా ఆ వ్యవధి గడిచిపోతుంది. అందుకే ప్రతి యాత్రికుని దగ్గర మూడు వస్తువులు ఉండితీరాలి. అవి సంకేతాలను పంపి, అందుకొనే చిన్న యంత్రం, మంచులో గుచ్చి వెదకే పొడవైన కడ్డీ, తవ్వే పార. ఒక్కని దగ్గర ఉంటే చాలదు. ఎవరు కూరుకుపోతారో ముందుగా తెలియదు గదా! శిక్షణ పొందినవారికీ ఈ ముప్పు తప్పదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 శిఖరంపై మంచుచరియ విరిగిపడి ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన శిక్షణార్థులు, శిక్షకులు ఇరవై తొమ్మిదిమంది మృత్యువాత పడ్డారు.

ఎత్తు కూడా శత్రువే. సముద్రమట్టానికి సుమారు అయిదువందల మీటర్ల ఎత్తున నివసించే మన శరీరం పలుచని గాలికి ఒక్కరోజులో అలవాటు పడదు. మూడువేల మీటర్లు దాటిన తర్వాత రాత్రి నిద్రించే చోటును రోజుకు అయిదువందల మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకొకమారు విశ్రమించాలి. తలనొప్పి, వాంతి, తూలుడు ముదిరితే వెంటనే కిందికి దిగడమే ముఖ్యమైన చికిత్స.

తెలుగువారి పర్వతారోహణ చరిత్రలో ఈ ముందుచూపుకు చక్కని నిదర్శనం ఉన్నది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారు మొదట భువనగిరి కొండపై శిలారోహణ నేర్చారు. పిమ్మట డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు. ఆపైన లడఖ్ చలిని అనుభవించారు. ఆ తర్వాతనే టిబెట్ వైపునుండి ఎవరెస్టును అధిరోహించారు. 2014 మే 25న శిఖరం చేరేనాటికి పూర్ణ వయస్సు పదమూడేళ్ళ పదకొండు నెలలు. లోకం శిఖరాన్నే చూసింది. ఆ శిఖరం కింద భువనగిరి ఉన్నది.

నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించిన మహాసాహసి. అంతటి అనుభవశాలి 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. ఇది ఆయన కీర్తికి కళంకం కాదు. పర్వతం ఎవరి పూర్వవిజయాలనూ లెక్కించదని దీనివల్ల గ్రహించాలి.

2018 ఏప్రిల్ చివర షామొనీ-జెర్మాట్ దారిలో మరో విషాదం జరిగింది. వాతావరణం చెడిపోనున్నదన్న సూచన ముందే ఉన్నది. అయినా ఆనాడు పద్నాలుగుమంది తుపానులో చిక్కుకొని దారి తప్పి, ఆరుబయట రాత్రి గడిపారు. వారిలో ఏడుగురు మరణించారు. ఆశ్రయమిచ్చే విడిది దాదాపు అర కిలోమీటరు దూరంలోనే ఉన్నది! అడుగు ముందున్నది కనబడని మంచుతెరలో అర కిలోమీటరు కూడా అనంతమే.

కనుక యాత్రకు ముందురోజు సాయంత్రమే కొన్ని ప్రశ్నలకు సమాధానాలు కాగితంపై రాసుకోవాలి. రేపటి వాతావరణమెట్లున్నది? మంచుచరియల హెచ్చరిక ఏమి చెబుతున్నది? దారిలో ఏ వాలులు, ఏ నెర్రెలు ఉన్నాయి? దారి మూసుకుపోతే ప్రత్యామ్నాయమేది? జట్టులో అందరికంటే బలహీనుడు ఎంత వేగంతో నడవగలడు? మన గమ్యం ఎవరికి తెలియజేశాము? అన్నింటికంటె ముఖ్యమైనది, ఎన్ని గంటలకు వెనుదిరగాలి? ఈ గడియను ఇంట్లో, మనస్సు నిమ్మళంగా ఉన్నప్పుడే నిర్ణయించాలి. శిఖరం కనుచూపు మేరలో నిలిచి పిలుస్తున్నప్పుడు బుద్ధి నిష్పాక్షికంగా ఉండదు. జట్టులో అతి చిన్నవాడు 'ఇక చాలు' అన్నా ఆ మాటకు విలువనివ్వాలి.

వెనుదిరగడం ఓటమి అని లోకం అనుకోవచ్చు. కాని శిఖరం అక్కడే ఉంటుంది, వచ్చే ఏడాదీ ఉంటుంది. ఇంటి గుమ్మంలో ఎదురుచూసేవారికి మాత్రం మనిషి ఒక్కడే. సాహసానికి అందం ధైర్యం వల్ల వస్తుంది, ఆయుష్షు వివేకం వల్ల వస్తుంది.