అద్దాల పళ్లెముతో ఎండపొయ్యి: ఇంటివద్ద తయారుచేయు విధము

లేపాక్షి ప్రాంతమున నీటికి కరువు గాని ఎండకు కరువు లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను ఏటేటా సమముగా పడదు. డిసెంబరు మొదలు మే వరకు మాత్రము మబ్బులేని దినములు వరుసగా దొరకును. ఈ ఎండను వంపు అద్దములతో ఒకచోటికి చేర్చి పని చేయించుకొనుట మన జిల్లాకు కొత్త కాదు. పామిడి మండలము నాగలాపురమువద్ద 2014లో నెలకొల్పిన 50 మెగావాట్ల కేంద్రములో దోనెల వంటి పొడవైన అద్దములు ఎండను గొట్టములపై పడవేయును. ఆ వేడితో ఆవిరి పుట్టించి విద్యుత్తు తీయుదురు. నంబులపూలకుంటవద్ద గల సౌరపలకలు వేరు. అవి వెలుతురునుండి నేరుగా విద్యుత్తునిచ్చును, వాటికి అద్దములతో పనిలేదు.

నాగలాపురపు సూత్రమునే చిన్న ఎత్తున రైతు పెరటిలో వాడుకొను విధము ఇచ్చట వివరింపబడినది.

వ్యవసాయము బోధించువారికి పొయ్యితో పనియేమని కొందరడుగవచ్చును. పని ఉన్నది. బాగుగా మాగిన పశువుల ఎరువు ఒక టన్నులో సుమారు 5 కిలోల నత్రజని ఉండును. అదే పేడను పిడకలు చేసి కాల్చినచో నత్రజని పొగతో పోవును, నేలకు గుల్లతనమునిచ్చు సేంద్రియ పదార్థము కాలిపోవును. మిగులు బూడిదలో పొటాషు, కొంత భాస్వరము, సున్నము తప్ప మరేమియు లేదు. వేరుశనగకు ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు వేయుడని మేము చెప్పుదుము. "పేడ ఎక్కడిది?" అని రైతు అడుగును. పేడ పొయ్యిలోనికి పోవుచున్నది! ఇప్పుడు చాల ఇండ్లకు గ్యాసు వచ్చినమాట నిజమే. అయినను స్నానమునకు నీళ్లు కాచుటకు, పశువులకు ఉలవలు ఉడికించుటకు గ్యాసు ఖర్చుచేయుటకు మనసొప్పక పెరటి పొయ్యిలో పిడకలు, సీమజాలి కంప మండించువారు ఎందరో కలరు. ఎండపొయ్యి ఈ పెరటి పొయ్యికి బదులు గాని వంటింటి పొయ్యికి బదులు కాదు. ఈ మాట మొదటనే చెప్పుట మంచిది. ఏలయనగా ఇదివరలో దీనికి చెడ్డపేరు వచ్చినది ఇక్కడనే.

పూర్వపు అనుభవము

న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఎం. ఎల్. ఘాయ్ అను శాస్త్రజ్ఞుడు పుటాకార దర్పణముతో ఒక సౌర పొయ్యిని రూపొందించి 1953లో దాని వివరములు ప్రకటించెను. అది బజారులోనికి కూడ వచ్చినది గాని ఇండ్లలోనికి పోలేదు. పొయ్యి పనిచేయక కాదు. మన ఇండ్లలో వంట తెల్లవారుజామున, పొద్దుగూకిన పిదప. ఎండ కాయునది మధ్యాహ్నము. వంటచేయు ఇల్లాలు నడియెండలో నిలుచుండి మాటిమాటికి అద్దమును తిప్పవలెను. దాని ధర ఆనాటి సామాన్య కుటుంబమునకు భారము. ఇక మన సీమలో మరియొక చిక్కు కలదు: రాగిసంగటి. సంగటి కెలుకుటకు కుండను కాళ్లతో అదిమిపట్టి బలముగా తిప్పవలెను. అద్దముపై వ్రేలాడు కుండలో అది సాధ్యమా?

తిరుమలలో ఈ చిక్కులను వేరువిధముగా తప్పించిరి. అక్కడ 2002లో 106 పెద్ద అద్దపు పళ్లెములను కట్టడముపైన అమర్చి, రోజునకు సుమారు 4,000 కిలోల ఆవిరి పుట్టించి, దానిని గొట్టములద్వారా క్రింది వంటశాలకు పంపు ఏర్పాటు చేసిరి. 15,000 మందికి వంటచేయుటకు సరిపోవునట్లు దానిని రూపొందించిరి. ఎండలో నిలువవలసిన పని వంటవారికి లేదు, అద్దములను యంత్రమే తిప్పును. ఇంటికి అంత ఏర్పాటు పనికిరాదు కనుక, ఎండవేళకు సరిపడు పనినే ఎండపొయ్యికి ఇయ్యవలెను: నీళ్లు, ఉలవలు, బేడలు, పాలు. సంగటి కావలెనన్న ఎసరు కాగి, నూకలు ఉడికి, పిండి వేసి మగ్గువరకు ఎండపొయ్యిపై ఉంచి, తరువాత దింపి నేలమీద కెలుకుకొనవచ్చును.

పళ్లెము వంపు

ఏ గిన్నెకైనను అద్దములు అతికిన చాలునని అనుకొనరాదు. గుండ్రని మూకుడు వంపులో నడుమ పడిన కిరణములు ఒకచోటికి, అంచున పడినవి మరియొకచోటికి పోవును. సూర్యునికి ఎదురుగా ఉంచినప్పుడు కిరణములన్నియు ఒకేచోటికి చేరు వంపు పరావలయము. ఆ చోటును నాభి అందురు. పళ్లెము అడుగునుండి నాభి ఎంత ఎత్తున ఉండవలెనో మనమే నిర్ణయించుకొనవచ్చును. లోతు తక్కువైన నాభి దూరముగా, లోతు ఎక్కువైన దగ్గరగా వచ్చును.

ఇచ్చట మా పొరపాటు ఒకటి చెప్పవలెను. మేము మొదట 120 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల లోతుగల పళ్లెము చేసితిమి. లోతు తక్కువ కనుక చేయుట సులభము, అద్దములు చక్కగా అతికినవి. దాని నాభి మీటరు దూరములో, అనగా గాలిలో ఉన్నది. పని ముగించి దానిని గోడకు ఆనించి పోతిమి. మరునాడు మూడుగంటల వేళకు పొద్దు వాలి అద్దమునకు ఎదురుగా వచ్చినది. మీటరు దూరములో వేరుశనగ కట్టె వామి. పొగ చూచి పరుగెత్తి రెండు బిందెల నీళ్లు కుమ్మరించితిమి కనుక వామి దక్కినది. ఆ ఇంటివారు ఏమియు అనలేదు గాని, కరువు సంవత్సరములో పశువుల మేత అదొక్కటే అని వారికిని తెలియును, మాకును తెలియును. ఆ సాయంత్రమే పళ్లెమునుండి అద్దములను ఊడదీసితిమి.

కనుక నాభి పళ్లెము అంచుల మట్టముననే ఉండవలెను, బయటికి రారాదు. 120 సెంటీమీటర్ల వెడల్పునకు లోతు 30 సెంటీమీటర్లు ఉంచిన నాభి అడుగునుండి 30 సెంటీమీటర్ల ఎత్తున, సరిగా అంచుల మట్టమునకు వచ్చును. అంచు దాటి బయటికి పోవు కిరణములు అప్పటికే విచ్చుకొని బలము తగ్గి ఉండును. ఇందువలన మరియొక సౌకర్యము కూడ కలదు, దానిని ముందు చెప్పెదము.

లెక్క సులభము. నడుమనుండి ఎన్ని సెంటీమీటర్ల దూరమో ఆ సంఖ్యను దానితోనే హెచ్చించి 120తో భాగింపవలెను. వచ్చినది ఆ చోట అడుగుమట్టమునుండి పళ్లెము లేచు ఎత్తు. 10 సెంటీమీటర్లవద్ద 0.8, 20 వద్ద 3.3, 30 వద్ద 7.5, 40 వద్ద 13.3, 50 వద్ద 20.8, అంచున 60 వద్ద 30 సెంటీమీటర్లు. ఈ ఏడు చుక్కలను పలకపై గుర్తించి మేకులు కొట్టి, సన్నని వెదురుబద్దను వాటివెంట వంచి గీత గీసిన వంపు ఏర్పడును.

మట్టి అచ్చు, వెదురు బుట్ట

ఆ గీతవెంబడి పలకను కోసి, పళ్లెము లోపలి వంపు తిరగవేసినట్లుండు మట్టిదిబ్బను దానితో దిద్దవలెను. చదునైన నేలపై ఇనుపకమ్మిని తూకపుగుండు పట్టి నిట్టనిలువుగా పాతి, పలకను దానికి తగిలించి చుట్టును తిప్పుచు, ఊక కలిపిన ఎర్రమట్టిని మెత్తుచు పోవలెను. పలక ఆనిన చోట మట్టి గీసుకొనిపోవును, ఆనని చోట మరింత మెత్తవలెను. నడుమ 30 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రని దిబ్బ తయారగును. ఆరిన పిదప పగుళ్లుపడును, సన్నని అలుకుతో పూడ్చి మరల పలక త్రిప్పవలెను. ఈ పనిలో తొందర పనికిరాదు. అచ్చు ఎట్లుండునో పళ్లెము అట్లే ఉండును.

దిబ్బపై తడికాగితములు పరచి, చాటలకు అలుకు మెంతులు కలిపిన కాగితపు గుజ్జును ఒక సెంటీమీటరు మందమున అలికి, దానిపై బుట్టలల్లువారిచేత వెదురుబద్దలతో అచ్చును అంటిపెట్టుకొనునట్లు బుట్ట అల్లించి, పైన మరల గుజ్జు అలుకవలెను. అంచున ఇనుపకమ్మి చట్రము కట్టవలెను. నీడలో వారము పది దినములు ఆరనిచ్చి, తిరగవేసి తీసిన తేలికైన పళ్లెము వచ్చును. అచ్చును చెరుపవలదు, వానకు కప్పి ఉంచిన ఇరుగుపొరుగువారికి పనికివచ్చును.

అద్దములు 5 సెంటీమీటర్ల చదరపు ముక్కలైన సుమారు 500 కావలెను. అద్దాలకొట్లలో మిగులు ముక్కలను కోయించిన ఖర్చు తగ్గును. 2 మిల్లీమీటర్ల మందముగల అద్దమైన మొత్తము బరువు సుమారు 7 కిలోలు, 3 మిల్లీమీటర్లదైన 10 కిలోలు దాటును. సిలికాన్ జిగురుతో నీడలోనే అతుకవలెను. అల్యూమినియం రేకు కాగితము చవుక, అతుకుట సులభము. కాని మడతలు పడును, ఒక వేసవికే మసకబారును. వంపు సరిగా వచ్చినదో లేదో పరీక్షించుటకు మొదట దానిని అంటించి చూడవచ్చును, అంతే.

అద్దపు ముక్క కొంచెము వంకరగా కూర్చున్నదని దిగులుపడనక్కరలేదు. ముక్క ఒక డిగ్రీ తప్పిన, అంచునుండి నాభికి గల 60 సెంటీమీటర్ల దూరములో వెలుగు సుమారు 2 సెంటీమీటర్లు మాత్రమే జరుగును. మనకు కావలసినది సూదిమొన వంటి వెలుగు కాదు, కుండ అడుగు వెడల్పు వెలుగు. మూడు డిగ్రీలు తప్పినను కిరణము కుండకే తగులును. ఇంటివద్ద చేసిన పళ్లెము పనిచేయుటకు కారణమిదే.

పాత టీవీ డిష్‌లకు అద్దములు అతుకవచ్చునా అని యువకులు అడుగుచున్నారు. ఇండ్లపై ఉండు రెండడుగుల డిష్ టీ కాచుటకు చాలును, ఇంటి పనికి చాలదు. దాని నాభి ఎదురుగా గాక ఒక ప్రక్కకు ఉండును, అది ఎక్కడ పడునో తెలియక చేతులు కాల్చుకొందురు. కేబుల్ టీవీవారు విడిచిన పెద్ద డిష్‌లను మాత్రము ముట్టవలదు. వాటి నాభి బయట ఉండును, బలము ప్రాణాపాయకరము.

నిలుపుట, త్రిప్పుట

నాభి అంచుల మట్టమున ఉండుటవలన గల సౌకర్యమిది. పళ్లెమునకు ఇరువైపుల అంచున ఇరుసు అమర్చిన, ఆ ఇరుసుగీత నాభిగుండా పోవును. కమ్మరిచేత కుండ పట్టు ఇనుపవలయము, దానికి రెండువైపుల కడ్డీలు చేయించి, కడ్డీలను 80 సెంటీమీటర్ల ఎత్తుగల రెండు దిమ్మలకు కదలకుండ బిగింపవలెను. పళ్లెపు అంచులోని బోలుగొట్టములు ఆ కడ్డీలపై తిరుగును. పళ్లెమును ఎటు వంచినను కుండ మట్టముగానే ఉండును, తొణకదు.

పళ్లెము సూర్యునికి సరిగా ఎదురైనదో లేదో కన్నులతో చూడరాదు. అంచు చట్రమునకు నిలువుగా ఒక పెద్దమేకు బిగింపవలెను. మేకునీడ పూర్తిగా మాయమైనప్పుడు పళ్లెము సరిగా నిలిచినట్లు. సూర్యుడు నాలుగు నిమిషములకు ఒక డిగ్రీ జరుగును గనుక, పావుగంట ఇరువది నిమిషములకొకసారి నీడ చూచి సరిచేసిన చాలును.

కుండ బయట నల్లగా ఉండవలెను. పెరటిపొయ్యిపై మసిపట్టిన పలుచని అల్యూమినియపు గిన్నె మిక్కిలి శ్రేష్ఠము. ఇల్లాండ్రు దానిని తోమి తళతళలాడించిన వేడి తగ్గును! మూత తప్పనిసరి. మంచి ఎండలో ఈ పళ్లెముపై పడు శక్తి సుమారు ఒక కిలోవాటు. అద్దములు, గాలి, గురితప్పుట వీటికి పోగా కుండకు చేరునది సగమునకు తక్కువ. అయినను రెండు లీటర్ల నీళ్లు సుమారు అరగంటలో తెర్లును.

పొగమంచు, పలుచని మబ్బు ఉన్నప్పుడు వెలుతురు బాగుగానే కనిపించును గాని పళ్లెము పనిచేయదు. నేలపై మన నీడ అంచు స్పష్టముగా ఉన్నదా అని చూచుకొనవలెను. ఆషాఢ శ్రావణములలో మబ్బుతోబాటు గాలి కూడ బలము. గాలి కుండ వేడిని ఎత్తుకొనిపోవును, పళ్లెమును పడద్రోయును. ఆ రెండు నెలలు దానిని కొట్టములో పెట్టుట మేలు.

జాగ్రత్తలు

కుండలో ఏదైనను వేయునప్పుడు, మూత తీయునప్పుడు మొదట పళ్లెమును ప్రక్కకు త్రిప్పవలెను. చేయి నాభిలో పెట్టిన క్షణములో కాలును. వంగి అద్దములోనికి చూచిన కన్నులకు శాశ్వతముగా చెరుపు కలుగవచ్చును, ఆ సమయమున నొప్పి కూడ తెలియదు. పిల్లలు ఆడుకొను పెరడైన చుట్టును కంచె ఉండవలెను.

పని ముగిసిన వెంటనే గోనెపట్టా కప్పవలెను. పళ్లెమును ఆకాశమువైపు వదలిపెట్టిన ఏమియు కాదని ఉత్తరదేశపు పుస్తకములు చదివినవారు అనుకొనవచ్చును. లేపాక్షి 13.8 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. ఏప్రిల్ చివరి వారమునందును, ఆగస్టు నడుమను మిట్టమధ్యాహ్నము సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. ఆ దినములలో ఆకాశమువైపు ఉంచిన పళ్లెము తనంతట తానే మండుపొయ్యియగును. గడ్డివామి, కొట్టపు చూరు పది అడుగుల దూరములో ఉండవలెను.

అద్దములపై దుమ్మును వారమునకొకసారి తడిబట్టతో తుడువవలెను. గీతలు పడును గనుక బూడిదతో తోమరాదు. వెదురునకు, కాగితపు గుజ్జునకు చెదలు పట్టును. వెనుకవైపు సంవత్సరమునకొకసారి వేపనూనె పూసి, దిమ్మలను నేలలో పాతక రాళ్లపై నిలుపవలెను.