కంచే చేను మేస్తే...

నెలల తరబడి విడవని నిస్సత్తువ, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడడం, తెల్లవారి లేస్తూనే వేళ్ల కణుపులు పట్టుకుపోవడం, కాసేపు ఎండలో నిలబడితే బుగ్గల మీద ఎర్రని దద్దు. ముప్ఫయ్యేళ్ల యిల్లాలు యీ మాటలు చెబితే యింట్లోవాళ్లు నీరసమనీ, ఓ సీసా టానిక్కు తాగమనీ అంటారు. ఆమె కూడా నమ్ముతుంది. అసలు జబ్బు పేరు తెలియడానికి ఏళ్లు పట్టడం కద్దు.

ఆ జబ్బు లూపస్. లాటిన్‌లో తోడేలని అర్థం. రోగుల్లో పదింట తొమ్మిదిమంది స్త్రీలే. సూక్ష్మజీవుల్ని పట్టుకోవలసిన యాంటీబాడీలు, పరాయివారెవరో సొంతవారెవరో మరిచి, మన కణకేంద్రాల్లోని పదార్థాల మీదనే తిరగబడతాయి. ఉపేక్షిస్తే మూత్రపిండాలు పాడవుతాయి.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ అనే డాక్టరూ ఆయన సహచరులూ ఒక వింత ప్రకటించారు. లూపస్ రోగుల ఎముక మజ్జలో ఒక తెల్లకణం మరో కణపు కేంద్రాన్ని మింగి కూర్చుని వుంది! దీనికి మూలం రోగి రక్తంలోని యాంటీబాడీయేనని తరువాత తేలింది. 1957లో డి.ఎన్.ఏ. మీద తిరగబడేవి దొరికాయి. 1966లో టాన్, కుంకెల్ మరొకదాన్ని పట్టుకుని, రోగి యింటిపేరులోని మొదటి రెండక్షరాలతో 'ఎస్.ఎమ్.' అన్నారు. జబ్బులకు డాక్టర్ల పేర్లు నిలుస్తాయి గాని రోగుల పేర్లు నిలవడం అరుదు.

ఇప్పుడు ముందుగా చేసేది ఎ.ఎన్.ఏ. పరీక్ష. రక్తరసాన్ని పలచన చేసి, గాజుపలక మీది కణాలపై పోసి, మెరిసే రంగు కలుపుతారు. యాంటీబాడీలుంటే కణకేంద్రాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. కాని ఆ కాగితం చూసి గుండె బాదుకోకండి. ఎనభై రెట్లు పలచన చేసినా, ఆరోగ్యవంతుల్లో నూటికి పదమూడుగురి రక్తం వెలిగిందని 1997లో తేల్చారు. ఏ బాధా లేనివారు సరదాకి యీ పరీక్ష చేయించుకోవడం, నా మట్టుకు, డబ్బిచ్చి బెంగ కొనుక్కోవడమే. ఎస్.ఎమ్. కనబడితే మాత్రం దాదాపు లూపసే. అయితే చాలామంది రోగుల్లో అది కనబడనే కనబడదు. డి.ఎన్.ఏ. యాంటీబాడీలు పెరుగుతుంటే డాక్టరు మూత్రపరీక్ష కూడా రాస్తాడు.

మరొక రకం యాంటీబాడీల సంగతి ఆడపిల్లలున్న యింట తప్పక తెలియాలి. గర్భిణులకు సుఖవ్యాధి వున్నదేమోనని వి.డి.ఆర్.ఎల్. పరీక్ష చేస్తారు గదా! అందులో వాడే కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థాన్ని యీ యాంటీబాడీలు కూడా పట్టుకుంటాయి. ఏ పాపమూ ఎరుగని లూపస్ రోగికి 'వుంది' అని కాగితం వస్తుంది. యిక ఆ యింట్లో ఎలాంటి చూపులు! 'టి.పి.హెచ్.ఏ.' అనే మరో పరీక్ష చేయిస్తే నిజం తేలుతుంది. మాటిమాటికి గర్భం పోవడానికీ యీ యాంటీబాడీలే కారణం కావచ్చు. అలా తేలితే, డాక్టరు చూపులో చిన్న మోతాదు ఆస్పిరిన్‌తో, హెపారిన్ సూదులతో చాలామంది తల్లులు పిల్లల్ని కంటున్నారు.