యూనిట్ - 14: ఐటి పరిశ్రమ - పని హక్కులు, గృహవసతిలో న్యాయం

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు

- ఒకే ఐటి ప్రాంగణంలో పనిచేసే వేర్వేరు శ్రామికులకు వర్తించే చట్టాలను గుర్తించగలుగుతారు;
- కాంట్రాక్టు కార్మికులు, ప్లాట్‌ఫారం కార్మికుల స్థితిని వివరించగలుగుతారు;
- భూమి విలువ పెరిగినప్పుడు అద్దెదారులపై పడే ప్రభావాన్ని విశ్లేషించగలుగుతారు;
- వేతనానికీ, నివాసానికీ ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.

14.1 పరిచయం

హైదరాబాద్ మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పటికి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ నగరానికి పడమటి అంచున ఉన్న ఊళ్లు. బండరాళ్ల గుట్టలు, చెరువులు, పొలాలు ఉన్న ఆ నేల ఒక తరం గడిచేలోగా దేశంలోని పెద్ద ఐటి కేంద్రాలలో ఒకటిగా మారింది.

ఈ మార్పు వల్ల లక్షలమందికి ఉపాధి దొరికింది. మొదటి తరం చదువుకున్న ఎన్నో కుటుంబాలు మధ్యతరగతిలోకి వచ్చాయి. ఇది కాదనలేని వాస్తవం. అయితే ఒక పరిశ్రమను అంచనా వేసేటప్పుడు అది ఎన్ని ఉద్యోగాలు ఇచ్చిందని అడిగి ఊరుకుంటే సరిపోదు. మరో రెండు ప్రశ్నలు కూడా అడగాలి. ఆ ఉద్యోగాలకు చట్టం ఇచ్చే రక్షణ ఏమిటి? ఆ ఉద్యోగం చేసేవాళ్లు ఆ ప్రాంతంలో నివసించగలుగుతున్నారా? మీలో చాలామంది పని చేసుకుంటూ చదువుకుంటున్నవారే కాబట్టి ఈ ప్రశ్నలు మీకు కొత్తవి కావు.

14.2 ఒకే ప్రాంగణం, వేర్వేరు హక్కులు

ఉదయం తొమ్మిది గంటల వేళ ఒక ఐటి ప్రాంగణం గేటు దగ్గర నిలబడ్డారనుకోండి. మెడలో ఐడి కార్డుతో ఇంజనీరు లోపలికి వెళ్తుంది. గార్డు ఆమె కార్డు చూస్తాడు. హౌస్‌కీపింగ్ కార్మికురాలు అప్పటికే ఒక అంతస్తు తుడిచి ఉంటుంది. క్యాబ్ డ్రైవర్ రాత్రి షిఫ్టువాళ్లను దించడానికి బయల్దేరుతాడు. డెలివరీ కుర్రాడు టిఫిన్ పొట్లంతో గేటు బయట ఎదురుచూస్తుంటాడు. ఈ అయిదుగురూ ఒకే పరిశ్రమ మీద ఆధారపడి బతుకుతున్నారు. కానీ చట్టం దృష్టిలో వీళ్ల యజమాని ఒకరు కాదు, హక్కులూ ఒకటి కావు.

14.2.1 సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

ఐటి ఉద్యోగులకు కార్మిక చట్టాలు వర్తించవనే అభిప్రాయం మనలో బాగా నాటుకుపోయింది. ఇది పూర్తిగా నిజం కాదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఒక వ్యక్తి కార్మికుడా కాదా అన్నది హోదా పేరునుబట్టి కాక, చేసే పని స్వభావాన్నిబట్టి తేలేది. సాంకేతిక పని చేసేవారు ఆ నిర్వచనంలోకి వచ్చేవారు. ప్రధానంగా మేనేజర్ బాధ్యతలు నిర్వహించేవారు వచ్చేవారు కాదు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఇదే పద్ధతిని కొనసాగించింది. పర్యవేక్షణ పని చేసేవారి విషయంలో మాత్రం నెలకు 18,000 రూపాయల వేతన పరిమితి పెట్టింది. అంటే ఎక్కువ జీతం ఉన్నంత మాత్రాన ప్రోగ్రామర్ ఈ చట్టం పరిధి దాటిపోడు. ప్రతి కేసులోనూ వాస్తవాలను చూసి న్యాయస్థానం తేలుస్తుంది.

ఈ తేడా అవసరం ఉద్యోగం పోయే రోజున తెలుస్తుంది. ఏడాదిపాటు నిరంతరంగా పనిచేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్‌మెంట్ కింద తొలగించాలంటే ఒక నెల నోటీసు లేదా దానికి బదులు వేతనం ఇవ్వాలి. పూర్తిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కూడా చెల్లించాలి. ఉద్యోగి తానే రాజీనామా చేస్తే ఈ పరిహారం ఉండదు. ఉద్యోగాల కోత సమయంలో "మీరే రాజీనామా రాసివ్వండి, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం" అనే మాట ఎందుకు వినిపిస్తుందో మీరిప్పుడు గ్రహించవచ్చు. ఒక్క సంతకంతో తొలగింపు కాస్తా రాజీనామా అవుతుంది.

పని గంటల సంగతి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో చేసిన దుకాణాలు, సంస్థల చట్టం ఇవాళ తెలంగాణలోనూ అమలులో ఉంది. అందులో పని వేళలు, స్త్రీల రాత్రి పని మొదలైన అంశాలపై ఉన్న కొన్ని సెక్షన్ల నుంచి ఐటి సంస్థలకు ప్రభుత్వం మినహాయింపు ఇస్తూ వచ్చింది. ఈ మినహాయింపుకు షరతులున్నాయి. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి, వారపు సెలవు ఇవ్వాలి, రాత్రి పనిచేసే స్త్రీలకు రవాణా, భద్రత కల్పించాలి. మినహాయింపు గురించి అందరికీ తెలుసు. షరతుల గురించి తెలిసినవారు తక్కువ.

14.2.2 కాంట్రాక్టు కార్మికులు

గార్డు, హౌస్‌కీపింగ్ కార్మికురాలు సాధారణంగా ఐటి సంస్థ ఉద్యోగులు కారు. వాళ్లను ఒక ఏజెన్సీ నియమిస్తుంది. ఐటి సంస్థను చట్టం 'ప్రధాన యజమాని' అంటుంది. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి. ఈ నియమం ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఉంది.

సంస్థ ముఖ్య కార్యకలాపంలో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదన్న నియమాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సవరణ ద్వారా తెచ్చింది. అయితే పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్ వంటి పనులను ముఖ్య కార్యకలాపం నుంచి మినహాయించింది. కేంద్ర కోడ్ కూడా ఇదే బాట పట్టింది. ఫలితంగా పదేళ్లుగా ఒకే భవనం తుడుస్తున్న మనిషి ఆ సంస్థకు పదేళ్లూ బయటి మనిషిగానే ఉండిపోవచ్చు. ఏజెన్సీ మారినప్పుడల్లా ఆమె సర్వీసు మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. గ్రాట్యుటీ వంటి హక్కులు సర్వీసు కాలం మీద ఆధారపడతాయి కనుక ఇది చిన్న విషయం కాదు. నియామక పత్రం, వేతన చీటీ, పిఎఫ్, ఇఎస్ఐ నంబర్లు దాచుకోవడం ఇలాంటివారికి మరీ అవసరం.

14.2.3 ప్లాట్‌ఫారం కార్మికులు

డెలివరీ చేసేవారిని, యాప్ ద్వారా క్యాబ్ నడిపేవారిని కంపెనీలు ఉద్యోగులుగా కాక 'భాగస్వాములు'గా పిలుస్తాయి. కనీస వేతనం, ఓవర్‌టైం, తొలగింపు పరిహారం యజమాని - ఉద్యోగి సంబంధం మీద నిలబడ్డ హక్కులు. ఆ సంబంధమే లేదంటే ఇవన్నీ ఒక్కసారిగా జారిపోతాయి. పని ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఎవరి ఐడీ ఆపాలో అల్గారిథమ్ నిర్ణయిస్తుంది. ఐడీ ఆగిపోయిన రోజున వివరణ అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు.

2020 సామాజిక భద్రత కోడ్ గిగ్, ప్లాట్‌ఫారం కార్మికులకు మొదటిసారి చట్టంలో చోటిచ్చింది. అగ్రిగేటర్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలి. ఈ మొత్తం ఆ కార్మికులకు చెల్లించే సొమ్ములో 5 శాతం మించకూడదు. నాలుగు కార్మిక కోడ్‌లూ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. రాష్ట్రాలలో రాజస్థాన్ 2023లో మొదటగా ప్రత్యేక చట్టం చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. ఇవి మంచి అడుగులే. కానీ బీమా, సంక్షేమ నిధి వేరు. కనీస ఆదాయానికి హామీ వేరు. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

గమనిక: మీ జవాబులను యూనిట్ చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.

1. కాంట్రాక్టర్ వేతనం ఇవ్వకపోతే ఎవరు బాధ్యత వహించాలి?
2. రాజీనామాకూ, రిట్రెంచ్‌మెంట్‌కూ పరిహారం విషయంలో తేడా ఏమిటి?

14.3 గృహవసతి

14.3.1 భూమి ధర, దూరం

2023 ఆగస్టులో కోకాపేటలో జరిగిన ప్రభుత్వ భూముల వేలంలో ఒక ప్లాటుకు ఎకరానికి 100.75 కోట్ల రూపాయల ధర పలికింది. ఎకరానికి 4,840 చదరపు గజాలు. అంటే గజం ధర దాదాపు 2 లక్షల 8 వేల రూపాయలు. ఆ ధరకు కొన్న నేలమీద ఏ బిల్డరైనా ఖరీదైన ఫ్లాట్లే కడతాడు తప్ప గార్డుకు అందుబాటులో ఉండే ఇల్లు కట్టడు. ఇక్కడ ఎవరి దురుద్దేశమూ అక్కరలేదు. లెక్కే అలా నడిపిస్తుంది. వేలం వల్ల ప్రభుత్వానికి ఆదాయం వస్తుంది. అదే వేలం చుట్టుపక్కల భూమికి కొత్త ధరను కూడా నిర్ణయిస్తుంది.

దీని ఫలితాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. నెలకు 15,000 రూపాయలు చేతికొచ్చే గార్డుకు పని దగ్గర గది అద్దె 8,000 అనుకోండి. దూరంగా ఉంటే అద్దె 4,500, బస్సు ఖర్చు 1,500. నెలకు 2,000 మిగులుతుంది. కానీ రోజుకు 3 గంటలు ప్రయాణంలో పోతాయి. నెలకు 26 పనిదినాలైతే 78 గంటలు. అంటే అతడు తన నిద్రలోంచి, పిల్లలతో గడిపే సమయంలోంచి గంటకు 26 రూపాయల లోపే తీసుకుని అమ్ముకుంటున్నాడు. వేతన చీటీలో ఈ నష్టం ఎక్కడా కనిపించదు.

14.3.2 అద్దెదారు హక్కులు

1960 నాటి భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం అద్దెదారుకు గట్టి రక్షణే ఇచ్చింది. చట్టంలో చెప్పిన కారణాలు చూపి, రెంట్ కంట్రోలర్ ఉత్తర్వు పొందితేనే ఖాళీ చేయించాలి. అయితే నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించి అద్దె ఉన్న భవనాలకు ఈ చట్టం వర్తించదని 2005 సవరణ చెప్పింది. ఇవాళ హైదరాబాద్ పడమటి భాగంలో 3,500కు దొరికే ఇల్లు ఎక్కడుంది? చట్టం పుస్తకంలో ఉంది. అద్దెదారు దాని బయట ఉన్నాడు.

అలా బయట పడ్డవారికి 1882 ఆస్తి బదిలీ చట్టం, తాము రాసుకున్న ఒప్పందమే దిక్కు. ఒప్పందంలో వేరే విధంగా లేకపోతే నెలవారీ అద్దెను ముగించడానికి 15 రోజుల నోటీసు చాలు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయాలి కాబట్టి ఎక్కువమంది 11 నెలలకే కాగితం రాసుకుంటారు. అయినా సామాన్లు బయట పడేసి తాళం వేసే హక్కు యజమానికి లేదు. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించబడ్డవారు 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల లోపు దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు.

హాస్టల్‌లో ఉండేవారి స్థితి ఇంకా బలహీనం. గదిపై ప్రత్యేక స్వాధీనం ఇవ్వకుండా మంచం మాత్రమే ఇచ్చే ఏర్పాటు సాధారణంగా లీజు కాదు, లైసెన్సు. లైసెన్సుదారుకు అద్దెదారు హక్కులుండవు. ఉద్యోగం వెతుక్కుంటూ అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లకు వచ్చే యువతీ యువకులు ఈ సంగతి తెలిసి అడ్వాన్స్ రసీదు తీసుకోవడం మంచిది.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్స్‌ను రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అద్దెదారుకు ఉపయోగం.

14.3.3 ఇల్లు ఇవ్వడంలో వివక్ష

'టు-లెట్' బోర్డు చూసి తలుపు తట్టినవారిని అద్దె సంగతి కన్నా ముందు "మీరేమిట్లు?" అని అడగడం మీలో కొందరికి అనుభవమే. కులం, మతం, మాంసాహారం, పెళ్లి కాకపోవడం - ఇలా కారణాలు మారుతుంటాయి. కంపెనీ ఇంటర్వ్యూలో నెగ్గిన అభ్యర్థి ఇంటి యజమాని ఇంటర్వ్యూలో ఓడిపోవచ్చు.

రాజ్యాంగంలోని 15వ అధికరణ ప్రధానంగా రాజ్యాన్ని కట్టడి చేస్తుంది. దుకాణాలు, హోటళ్ల వంటి ప్రజా స్థలాల ప్రవేశం గురించి పౌరులకూ వర్తిస్తుంది. ప్రైవేటు ఇంటి అద్దె గురించి నేరుగా చెప్పదు. ఒక మతసమూహానికే సభ్యత్వం పరిమితం చేసిన గృహనిర్మాణ సంఘం నియమాన్ని సుప్రీంకోర్టు 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో సమర్థించింది. అమెరికాలో 1968 నుంచి గృహవసతిలో వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం ఉంది. మనకు అలాంటి సమగ్ర చట్టం లేదు.

14.4 శాన్‌ఫ్రాన్సిస్కో అనుభవం

ఈ సమస్య మనకొక్కరికే పరిమితం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో టెక్ ఉద్యోగులను తీసుకువెళ్లే కంపెనీ బస్సులు నగర బస్ స్టాపులను వాడుకోవడంపై 2013 డిసెంబరులో స్థానికులు బస్సులను అడ్డగించి నిరసన తెలిపారు. బస్సు కేవలం సాకు. పెరిగిన అద్దెలు, ఇళ్ల ఖాళీలే వారి అసలు బాధ. అదే కాలిఫోర్నియాలో 2019లో వచ్చిన ఒక చట్టం యాప్ డ్రైవర్లను ఉద్యోగులుగా గుర్తించే దారి తెరిచింది. 2020 నవంబరులో కంపెనీలు ప్రచారం చేసి గెలిపించిన ప్రజాభిప్రాయ సేకరణ ఆ దారిని మూసేసింది.

అక్కడి తెలుగువారికీ ఇందులో వాటా ఉంది. హెచ్-1బి వీసాపై ఉన్న ఉద్యోగి పని కోల్పోతే సాధారణంగా 60 రోజుల గడువులో కొత్త యజమానిని వెతుక్కోవాలి లేదా వీసా స్థితి మార్చుకోవాలి. లేకపోతే దేశం విడవాలి. పెద్ద జీతం ఉన్నా హక్కు బలహీనమైతే ఇల్లు కూడా బలహీనమే.

14.5 రెండు హక్కులు, ఒకే జీవితం

పై చర్చ నుంచి ఒక విషయం తేలుతుంది. పని హక్కును, నివాస హక్కును వేరుచేసి చూడలేం. కనీస వేతనం పెరిగినా అద్దె అంతకన్నా వేగంగా పెరిగితే కార్మికుడికి మిగిలేది శూన్యం. ఇల్లు పోతుందన్న భయం ఉన్న మనిషి ఓవర్‌టైం గురించి గట్టిగా అడగలేడు. సంఘటితం కావడం ఇందుకే ముఖ్యం. కనీసం ఏడుగురు సభ్యులు కార్మిక సంఘం నమోదుకు దరఖాస్తు చేయవచ్చు. అయితే సంస్థలోని కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి.

14.6 సారాంశం

ఐటి పరిశ్రమ ఉపాధిని పెంచింది. దాంతోపాటు హక్కులలో అంతరాలనూ, భూమి ధరలనూ పెంచింది. ఒకే గేటు దాటే శ్రామికులకు నియామక పద్ధతినిబట్టి వేర్వేరు రక్షణలున్నాయి. పాత అద్దె చట్టం పరిమితి వల్ల ఎక్కువమంది అద్దెదారులు దాని రక్షణకు దూరమయ్యారు. గృహవసతిలో వివక్షను నిషేధించే సమగ్ర చట్టం లేదు. పరిశ్రమ ప్రగతిని కొలిచేటప్పుడు భవనాల ఎత్తుతోపాటు, వాటిని తుడిచే మనిషి ఎంత దూరం నుంచి వస్తున్నదో కూడా చూడాలి.

14.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి - జవాబులు

1. ప్రధాన యజమాని చెల్లించి, కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి.
2. రిట్రెంచ్‌మెంట్‌లో సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఉంటుంది, రాజీనామాలో ఉండదు.

14.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఐటి ప్రాంగణంలోని వివిధ శ్రామికుల చట్టపరమైన స్థితిని పోల్చి వివరించండి.
2. భూమి విలువ పెరగడం నగర కార్మికుల జీవితాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది?

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లీజుకూ, లైసెన్సుకూ తేడా.
2. మీకు తెలిసిన ఒక కార్మికుని నెలవారీ ఆదాయం, అద్దె, ప్రయాణ సమయం తెలుసుకొని, 14.3.1లోని పద్ధతిలో లెక్కించండి.