నూలుపోగంత గీత

సిద్దిపేట మగ్గం మీద గొల్లభామ చీర నేస్తున్నప్పుడు దగ్గర కూర్చుని చూడండి. నేతన్న పడుగు పోగులు లెక్కపెట్టి, ఒక్కో వరుసలో రంగు నూలు చేత్తో చొప్పిస్తాడు. ఏ ఒక్క వరుసలోనూ బొమ్మ కనిపించదు. వరుస మీద వరుస పడ్డాకే నెత్తిన కుండతో భామ నిలబడుతుంది. లెక్కలో ఒక్క పోగు తప్పితే ముక్కు వంకర పోతుంది.

మెదడులో కణితికి రేడియేషన్ ఇచ్చే ముందు కంప్యూటర్ తెర మీద జరిగే పని కూడా అచ్చం ఇలాంటిదే. దాని పేరు కాంటూరింగ్.

మన దగ్గర జనం ‘కరెంటు పెట్టడం’ అనే ఈ రేడియేషన్ చికిత్స కోసం సిద్దిపేట వైపు నుంచి ఎందరో దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ వెళ్తారు. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి 1955 నుంచీ క్యాన్సర్ రోగులకు పెద్ద దిక్కు. ఇలాంటి చికిత్సలో ముందు మాస్క్ చేస్తారు. వేడినీళ్లలో మెత్తబడిన జల్లెడలాంటి ప్లాస్టిక్ రేకును రోగి ముఖం మీద పరిస్తే, చల్లారేసరికి అది ముఖం అచ్చుగా బిగుసుకుంటుంది. తల కదలకుండా అది పట్టుకుంటే సీటీ స్కాన్ తీస్తారు. తలను ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొరలుగా చూపే చిత్రాలు వందకు పైనే రావచ్చు.

ఆ పొరల్లో కణితితో పాటు కంటి నరాలు, అవి కలిసే కూడలి, మెదడు కాండం, లోపలి చెవి ఎక్కడెక్కడ ఉన్నాయో గీతలు గీయాలి. గ్లయోబ్లాస్టోమా అనే మొండి కణితికి సాధారణంగా ఆరు వారాల్లో 30 విడతలుగా 60 గ్రేల రేడియేషన్ ఇస్తారు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలమానం). మెదడు కాండానికి, కంటి నరాలకు 54 గ్రేలు దాటకుండా చూసుకుంటారు. కూడలి మందం కొన్ని మిల్లీమీటర్లే. అక్కడ గీత పక్కకు జరిగితే చూపుకే ముప్పు.

ఈ పొరల చిత్రం రోగికి తొలిసారి తీసిందే మెదడు కణితి అనుమానంతో. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రం తొలి రోగి తలను చూసింది. ఆమెకు మెదడులో కణితి ఉందని డాక్టర్లు అనుమానించారు. పొరలు చేతికొచ్చాయి గానీ, వాటి మీద గీతలు గీసే భారం డాక్టర్ల మీదే పడింది. తర్వాత ‘అట్లాస్’ పద్ధతి వచ్చింది. ముందే గీసి ఉంచిన తల చిత్రాన్ని కొత్త రోగి తలకు సరిపోయేలా సాగదీయడమే అందులోని కిటుకు. అందరి తలలూ ఒకేలా ఉండవు కాబట్టి దిద్దుబాట్లు చాలానే మిగిలేవి.

2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి ‘యు-నెట్’ అనే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. ఇది చిత్రాన్ని కుదించుకుంటూ పోయి ‘ఏమిటిది’ అని పోల్చుకుంటుంది, మళ్లీ పెంచుకుంటూ వచ్చి ‘ఎక్కడుంది’ అని అంచు పడుతుంది. డాక్టర్లు గీసిన గీతలే దీనికి పాఠాలు. 2020లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, తల, మెడ భాగాల అవయవాలను చేత్తో గీయడానికి సగటున 87 నిమిషాలు పట్టింది. సాఫ్ట్‌వేర్ గీసిన వాటిని సరిచూసి దిద్దడానికి 5 నిమిషాలు చాలాయి.

అలాగని గీతను యంత్రానికే వదిలేయలేం. ఆపరేషన్‌తో రూపు మారిన మెదడు, కణితి తోసేసిన నరం దాని పాఠాల్లో ఉండకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని గుర్తుపట్టినంత తేలిగ్గా అది కణితి అంచును పట్టలేదు. ఎంఆర్‌ఐని పక్కన పెట్టుకుని ప్రతి పొరనూ డాక్టరు చూడాల్సిందే. మిగిలిన ఆ గంటకు పైగా సమయం రోగితో మాట్లాడటానికి దక్కితే, ఈ యంత్రం పుట్టుక సార్థకం.

మాస్క్ చేసిన రోజుకూ మొదటి రేడియేషన్‌కూ మధ్య కొన్ని రోజులు ఆగమంటే, తమను పట్టించుకోవడం లేదని కొందరు దిగులు పడతారు. ఆ రోజుల్లో మీ కోసమే ఈ గీతలు పడుతుంటాయి. ధైర్యంగా ఉండండి. చికిత్స మొదలయ్యాక ఒక్క విడత కూడా మానకండి.